పొద్దున మంచిగుండి మధ్యాహ్నానికి గుంజని తైవాన్ పంపు: ఒక కేస్ స్టడీ

మా షాపులో రిపేరుకు వచ్చేవి ఎక్కువగా వీపుకు వేసుకునే పెట్రోల్ స్ప్రేయర్లు (వీటినే తైవాన్ పంపులంటారు), గడ్డి కోసే మిషన్లు. అన్నీ చిన్న టూ-స్ట్రోక్ ఇంజిన్లే. ఆగస్టు నుంచి జనవరి దాకా, అంటే పత్తికి, మిరపకు మందు కొట్టే రోజుల్లో, ఇదే రకం కంప్లెయింట్ మళ్లీ మళ్లీ వస్తుంది. వాటిలో ఒక కేసును ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను. ఇంజిన్‌లో పోసే ఆయిల్‌కీ, పొగ బయటికి పోయే దారికీ ఉన్న లంకె ఇందులో బాగా బయటపడింది. మనిషి పేరు, ఊరు, మిషన్ కంపెనీ రాయడం లేదు.

నేపథ్యం

నర్సంపేట వైపు నుంచి వచ్చిన ఒక యువ రైతు. సొంతానికి కొంత మిరప, కొంత పత్తి ఉంది. అదిగాక ఊళ్లో వాళ్ల చేన్లకు ట్యాంకుకు ఇంత అని మాట్లాడుకుని మందు కొట్టిపెడతాడు. 2021లో నల్ల తామర పురుగు మిరప మీద పడ్డప్పటి నుంచి మా వైపు మందు కొట్టేవాళ్లకు పని పెరిగింది. దాంతో ఇతను రెండో మిషన్ కూడా కొన్నాడు. ఒకటి తను, ఒకటి బావమరిది వాడతారు. రెండూ ఒకే మోడల్: ఇరవై లీటర్ల ట్యాంకు, 26 సీసీ చిల్లర ఇంజిన్. ఆయిల్ పంపు లాంటిది ఏమీ ఉండదు, పెట్రోల్లోనే ఆయిల్ కలిపి పోయాలి.

అంతకుముందు ఏడాది ఇతని మిషన్ ఒకసారి జామ్ అయింది. ఇంట్లో ఎవరో ఆయిల్ కలపని పెట్రోల్ పోశారట. పిస్టన్, సిలిండర్ రెండూ మార్చాల్సి వచ్చింది. ఈ సంగతి నాకు మొదటి రోజే తెలియలేదు, మాటల్లో తర్వాత బయటికొచ్చింది. తర్వాత జరిగినదానికంతటికీ మూలం అదే.

వచ్చిన సమస్య

"అన్నా, పొద్దుగాల ఒక్క గుంజుకే స్టార్ట్ అయితది. రెండు మూడు ట్యాంకులు కొట్టినంక రేజ్ ఇస్తే గుంజుతలేదు. గుర్రుమంటది, నాజిల్ కాడ పొగలెక్క రావాల్సిన మందు చుక్కలు చుక్కలు పడతది."

మిషన్‌ను బల్ల మీద పెట్టి చూస్తే సైలెన్సర్ మూతి కింద నల్లటి జిగట కారి, ప్లాస్టిక్ కవరు మీద ఎండిపోయి ఉంది. ప్లగ్ విప్పితే నల్లగా, తడిగా ఉంది. వేరే చోట అప్పటికే ప్లగ్ మార్చారు, కాయిల్ మార్చారు, కార్బరేటర్ కూడా కొత్తది వేశారు. ఆ మెకానిక్ ఆలోచనను తప్పు పట్టలేం. వేడెక్కాక ఇంజిన్ పడిపోతే కాయిల్ మీద అనుమానం రావడం సహజమే. కానీ కాయిల్ పోతే మిస్ కొడుతుంది, లేదా టక్కున ఆగిపోతుంది. ఇది ఆగడం లేదు, ఊపిరాడనట్టు మందగిస్తోంది. నా ఆలోచన కరెంటు మీది నుంచి గాలి, పెట్రోల్, పొగ దారుల మీదికి మళ్లింది అక్కడే.

ఏమేం చూశాం, ఎందుకు ఆ వరసలో

ఖర్చు లేనిది, నిమిషంలో తేలేది ముందు చూడాలి. అందుకే మొదట పెట్రోల్ ట్యాంకు మూత వదులు చేసి నడిపాను. మూతలోని గాలి రంధ్రం మూసుకుపోతే కూడా సరిగ్గా ఇలాగే జరుగుతుంది. కాసేపు బాగా నడిచి, ట్యాంకులో గాలి పీడనం తగ్గి, పెట్రోల్ అందక ఇంజిన్ నీరసిస్తుంది. అలాంటప్పుడు మూత విప్పితే వెంటనే లేస్తుంది. ఇక్కడ లేవలేదు.

తర్వాత పంపు వైపు చూశాను. పంపులో ఏదైనా పట్టేస్తే పాపం ఇంజిన్ మీదికి వస్తుంది. ప్రెషర్ వాల్వ్ పూర్తిగా వదిలి, లోడ్ లేకుండా రేజ్ ఇచ్చినా ఇంజిన్ పైకి పోలేదు. అంటే పంపు బాగానే ఉంది.

మూడోది పెట్రోల్. అతను తెచ్చిన మిశ్రమం పారబోసి, షాపులో కొత్తగా కలిపినది పోశాను. పొగ కొంచెం తగ్గింది కానీ జబ్బు అలాగే ఉంది.

అప్పుడు సైలెన్సర్ విప్పి కొన్ని సెకన్లు మాత్రమే నడిపాను. ఆ చప్పుడుకు పక్క షాపులవాళ్లు బయటికి వచ్చారు గానీ, ఇంజిన్ ఒక్కసారిగా పైకి లేచింది. ఈ పరీక్షను సెకన్లకు మించి చేయొద్దు. సైలెన్సర్ లేకుండా లోడ్ మీద నడిపితే మిశ్రమం పలచబడి, అంటే పెట్రోల్ తక్కువై గాలి ఎక్కువై, పిస్టన్‌కే ముప్పు. కానీ ఇంత తేలిగ్గా, ఇంత కచ్చితంగా జవాబు చెప్పే పరీక్ష ఇంకోటి లేదు. అడ్డు సైలెన్సర్ వైపే ఉందని తేలిపోయింది.

సైలెన్సర్ మూతిలో నిప్పురవ్వలు బయటికి పోకుండా ఒక చిన్న జాలి ఉంటుంది. దాన్ని వెలుతురుకు పట్టి చూస్తే అవతలి వైపు కనబడలేదు. రంధ్రాలన్నీ మసితో నిండి నల్ల బిళ్లలా ఉంది.

ఆయిల్ సంగతి

జాలి అలా మూసుకుపోవడానికి కారణం తెలియకుండా దాన్ని కడిగి ఇచ్చి పంపితే, నెల తిరక్కుండా మళ్లీ వస్తాడు. కాబట్టి "ఆయిల్ ఎంత పోస్తవు తమ్మీ?" అని అడిగాను. "సరిపోను పోస్తన్న అన్నా" అన్నాడు. ఈ జవాబు నాకు రోజూ వచ్చేదే, దీంతో ఏమీ తేలదు. అందుకే ఒక లీటరు సీసా చేతికిచ్చి, రోజూ పోసేటట్టే పొయ్యమన్నాను. పెట్రోల్ బదులు నీళ్లు, ఆయిల్ మాత్రం అతని డబ్బాలోదే. చిన్న టీ గ్లాసు నిండా తీసుకుని, సీసాలో పోయబోతుంటే ఆపి, ఆ గ్లాసును సిరంజితో కొలిచాను. డెబ్బై మిల్లీలీటర్ల పైనే ఉంది.

మిషన్ మీది స్టిక్కర్ చెప్పేది 25:1. అంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు. ఇతను దాదాపు రెట్టింపు పోస్తున్నాడు. ఎందుకని అడిగితే అప్పుడు చెప్పాడు, మిషన్ జామ్ అయిన కథ. ఒకసారి దెబ్బ తిన్నాడు కాబట్టి ఆయిల్ ఎక్కువైతే నష్టం లేదు, తక్కువైతేనే కొంప మునుగుతుంది అనుకున్నాడు. ఆ భయం అర్థం లేనిది కాదు.

ఇక డబ్బాలో ఉన్నది టూ-టీ ఆయిలే, అంటే టూ-స్ట్రోక్ ఇంజిన్ల ఆయిలే కాదు. ట్రాక్టర్ సర్వీసు తర్వాత మిగిలిన 15డబ్ల్యూ-40 ఇంజిన్ ఆయిల్. మంచి కంపెనీదే, కానీ చేసే పని వేరు. ట్రాక్టర్ ఆయిల్ నెలల తరబడి చాంబర్‌లోనే ఉండి పని చేయాలి. దానికోసం అందులో కాల్షియం, జింక్ లాంటి లోహపు సమ్మేళనాలు కలుపుతారు. కాల్చి చూస్తే బూడిద ఒక శాతం చుట్టుపక్కల, ఒక్కోసారి ఆ పైన మిగులుతుంది. టూ-స్ట్రోక్ ఆయిల్ పెట్రోల్‌తో పాటే కాలి బయటికి పోవాలి. అందుకే జపాన్ వాళ్ల జాసో ప్రమాణం ప్రకారం అందులో బూడిద 0.25 శాతం దాటకూడదు. ఇంకో తేడా కూడా ఉంది. టూ-టీ ఆయిల్ పెట్రోల్లో ఇట్టే కలిసేలా తయారవుతుంది. ట్రాక్టర్ ఆయిల్ అంత తేలిగ్గా కలవదు, బాగా ఊపకపోతే అడుగునే ఉండిపోతుంది. పొద్దున ఇంజిన్‌కు ముందు అందేది ఆ అడుగుదే.

ఆయిల్ ఎక్కువైతే ఇంకో చిక్కు ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. కార్బరేటర్ జెట్‌లోంచి వెళ్లేది పెట్రోల్, ఆయిల్ కలిసిన మిశ్రమం. అందులో ఆయిల్ వాటా పెరిగిన కొద్దీ పెట్రోల్ వాటా తగ్గుతుంది. అంటే ఇంజిన్‌ను కాపాడాలని పోసిన ఆయిలే పెట్రోల్‌ను పలచన చేసి, వేడిని పెంచే వైపు నెడుతుంది.

ఫలించని ప్రయత్నం

అప్పటికి సెప్టెంబరు. పత్తికి మందు కొట్టే పని ముమ్మరంగా ఉంది, అతనికి ఒక్క రోజు మిషన్ ఆగినా టెన్షనే. "జాలి సాఫ్ చేసి, ఆయిల్ మారిస్తే సాలదా అన్నా? ఇప్పుడే ఇంజిన్ విప్పుడు వద్దు" అన్నాడు. సిలిండర్ లోపలి పోర్ట్, అంటే పొగ బయటికి పోయే రంధ్రం కూడా మసి పట్టి ఉంటుందని చెప్పాను, కానీ సీజన్ మధ్యలో మిషన్‌ను రెండు రోజులు ఆపడం కష్టమన్నది కూడా నిజమే. జాలిని బ్లో ల్యాంపుతో ఎర్రగా కాల్చి, చల్లారాక వైరు బ్రష్‌తో దులిపి, అసలైన టూ-టీ ఆయిల్ ఇచ్చి పంపాను.

మిషన్ చక్కగా గుంజింది. కొన్ని వారాలే. మళ్లీ అదే కంప్లెయింట్‌తో వచ్చాడు. జాలిలో ఈసారి జిగట తక్కువ, పొడి పెళ్లలు ఎక్కువ ఉన్నాయి. మంచి ఆయిల్‌లో మసిని పట్టనీయని గుణం ఉంటుంది గానీ, గట్టిపడ్డ పాత మసిని అది కరిగించదు. మహా అయితే వదులు చేస్తుంది. అలా లోపల ఊడిన పెళ్లలు వచ్చి జాలిలో ఇరుక్కున్నాయి. ఆయిల్ మార్చడం సరైన పనే, కానీ దాని వంతు రావాల్సింది శుభ్రం చేసిన తర్వాత.

జాలి తీసేస్తే పీడ పోతుందని అప్పుడొక సలహా వచ్చింది, అతని ఊళ్లో చాలామంది అలాగే చేశారట. నేను ఒప్పుకోలేదు. మిరప కోతల నాటికి చేన్లు ఎండిపోతాయి, పక్కన మక్క చొప్ప ఉంటుంది, విరిసిన పత్తి ఉంటుంది. సైలెన్సర్‌లోంచి ఎర్రటి మసి రవ్వ ఒక్కటి పడితే చాలు. పైగా జాలి తీస్తే మసి ఎక్కడ పేరుకుంటుందో అక్కడే, అంటే పోర్ట్ దగ్గరే, పేరుకుంటుంది. మనకు ముందుగా హెచ్చరిక ఇచ్చే వస్తువు మాత్రం పోతుంది.

ఇంజిన్ విప్పాక

ఈసారి పూర్తిగా విప్పాం. కంప్రెషన్ (సిలిండర్ లోపల పుట్టే ఒత్తిడి) కొలిస్తే నూరు పీఎస్ఐ దాకా రావాల్సింది ఎనభై దగ్గరే ఆగింది. సైలెన్సర్ తీసి టార్చి వేసి చూస్తే ఎగ్జాస్ట్ పోర్ట్ బొటనవేలి గోరంత ఉండాల్సింది, నడుమ పెన్సిల్ దూరేంత సందు మాత్రమే మిగిలింది. పోర్ట్ పై అంచున మసి బాగా మందంగా పట్టింది. టూ-స్ట్రోక్‌లో పై అంచే కీలకం, ఎందుకంటే కిందికి వస్తున్న పిస్టన్ ఎప్పుడు పొగను వదలడం మొదలుపెట్టాలో నిర్ణయించేది ఆ అంచే. అక్కడ మసి కడితే పొగ ఆలస్యంగా వదులుతుంది. లోపల మిగిలిన పాత పొగ వల్ల కొత్త మిశ్రమానికి చోటు తగ్గుతుంది, వేడి పెరుగుతుంది.

మంచు దేశాల్లో నడిపే స్నోమొబైల్ ఇంజిన్లలో ఈ అంచునే కదిలేలా చేస్తారు. రోటాక్స్ ఇంజిన్లలో దాన్ని రేవ్ వాల్వ్ అంటారు. తక్కువ రేజ్‌లో ఒక పలక కిందికి దిగి పోర్ట్‌ను కురచ చేస్తుంది, రేజ్ పెరిగాక పైకి లేచి పూర్తిగా తెరుస్తుంది. ఆయిల్ సరైనది కాకపోతే ఆ పలకకు బంక పట్టి ఇరుక్కుపోతుంది, అప్పుడు బండి పై స్పీడుకు పోదు. అక్కడివాళ్లు దాన్ని ఎప్పటికప్పుడు విప్పి తుడుస్తూ ఉంటారు. మన తైవాన్ పంపుకు ఆ వాల్వ్ లేదు, కానీ మసి కట్టిన మన పోర్ట్ చేసిన పనీ, కిందనే ఇరుక్కున్న ఆ వాల్వ్ చేసే పనీ ఒక్కటే. అందుకే టూ-స్ట్రోక్ ఆయిల్ గురించి వాళ్ల అనుభవం మనకూ పనికొస్తుంది. అయితే మొత్తం కాదు. స్నోమొబైల్ ఆయిల్‌కు పెట్టే అదనపు డబ్బులో కొంత, గడ్డకట్టే చలిలో కూడా ఆయిల్ పంపులోంచి పారే గుణం కోసం. వరంగల్‌లో దాంతో మనకు పనేముంది?

మసి తీసేటప్పుడు స్టార్టర్ తాడు మెల్లగా లాగి, పిస్టన్ పోర్ట్‌ను పూర్తిగా మూసేలా నిలిపి, వెదురు పుల్లను ఉలిలా చెక్కి దాంతో గీకాం. స్క్రూడ్రైవర్ పెడితే పని తొందరగా అవుతుంది, కానీ పిస్టన్ పక్క మీద ఒక గీత పడితే కంప్రెషన్ అక్కడి నుంచే కారిపోతుంది. గీకిన పెళ్లలు లోపల పడకుండా గాలి కొట్టి ఊదేశాం.

కంప్రెషన్ తక్కువ ఉంది కాబట్టి అంతటితో ఆగలేదు. సిలిండర్ లేపితే పిస్టన్ రింగు దాని గాడిలో బిగుసుకుపోయి ఉంది, వేలితో నొక్కితే కదల్లేదు. దాన్ని తీసి కొత్త రింగు వేయాలి, కానీ గాడిలోని మసి తీయకుండా వేస్తే అది కూడా బిగుసుకుంటుంది. పాత రింగునే విరిచి, ఆ ముక్క అంచుతో గాడిని చుట్టూ గీకాం. గాడి కొలతకు సరిగ్గా సరిపోయే పనిముట్టు అదొక్కటే. సైలెన్సర్ ఇనుముది కాబట్టి కాస్టిక్ సోడా నీళ్లలో రాత్రంతా నానబెట్టి కడిగాం. అల్యూమినియం భాగాలను మాత్రం ఆ నీళ్లలో ముంచకూడదు, తినేస్తుంది.

ఏ ఆయిల్, ఎంత

టూ-స్ట్రోక్ ఆయిల్ డబ్బా మీద జాసో గుర్తు కింద ఎఫ్‌బి, ఎఫ్‌సి, ఎఫ్‌డి అని ఉంటుంది. ఖరీదైనదైతే పిస్టన్‌కు ఎక్కువ రక్షణ అని అందరూ అనుకుంటారు. ప్రమాణం తీసి చూస్తే సంగతి వేరు. పోలికకు పెట్టుకున్న ఒక రిఫరెన్స్ ఆయిల్‌ను 100గా పెట్టుకుంటే, ఒరిపిడి నుంచి కాపాడే గుణానికి మూడు గ్రేడ్లకూ కావాల్సిన కనీస మార్కు ఒక్కటే, 95. తేడా అంతా మిగతావాటిలో ఉంది. ఎగ్జాస్ట్ మూసుకుపోకుండా ఉండే గుణానికి ఎఫ్‌బికి 45 చాలు, ఎఫ్‌సి, ఎఫ్‌డిలకు 90 కావాలి. పొగ తక్కువ ఉండటానికి ఎఫ్‌బికి 45, మిగతా రెంటికీ 85. లోపల శుభ్రంగా ఉంచే గుణానికి వరసగా 85, 95, 125. అంటే ఎక్కువ డబ్బు పెట్టి మనం కొనేది శుభ్రతను. ఇతని కేసులో పోయింది సరిగ్గా అదే కాబట్టి ఎఫ్‌డి ఇచ్చాను. ఏడాదికి నాలుగు ట్యాంకులు కొట్టుకునే రైతుకైతే ఎఫ్‌సి చాలు, అంతకు మించి ఖర్చు పెట్టించను.

ఎంత కలపాలన్నది ఇంకాస్త ఆలోచించాల్సి వచ్చింది. మిషన్ స్టిక్కర్ 25:1 అంటోంది, ఆయిల్ డబ్బా 50:1 సరిపోతుందంటోంది. స్టిక్కర్ రాసినవాళ్లు రైతు చేతికి ఎలాంటి ఆయిల్ దొరుకుతుందో తెలియక జాగ్రత్తకు రాస్తారు. డబ్బా రాసినవాళ్లకు మన ఎండ, ఫుల్ లోడ్ మీద నడిచే, గాలితోనే చల్లబడే చిన్న ఇంజిన్ కనబడవు. పైగా ఇతను కలిపేది చేను గట్టు మీద కూర్చుని. చేతిలో ఐదు మిల్లీలీటర్లు అటూ ఇటూ అవుతుంది. 20 పోయాల్సిన చోట 15 పడితే చాలా తేడా, 25 పోయాల్సిన చోట 20 పడితే ఇంజిన్‌కు ప్రమాదం లేదు. ఎక్కువైతే శుభ్రం చేసుకోవాలి, తక్కువైతే సిలిండరే మార్చాలి. ఈ లెక్కతో కొత్త రింగు ఒదిగేదాకా మొదటి ట్యాంకు పెట్రోల్‌కు లీటరుకు 40, తర్వాత 30, ప్లగ్ రంగు చూశాక 25 దగ్గర ఆపాను. అది 40:1. 50:1 వైపు పోలేదు.

కొలతకు టీ గ్లాసు మాన్పించి కొత్త సిరంజి ఒకటి ఇచ్చాను. ఇంట్లో పురుగు మందు కొలిచేది ఉంది కదా అన్నాడు, అది వేరు, ఇది వేరు అని గట్టిగా చెప్పాల్సి వచ్చింది. ఏ రోజు పెట్రోల్ ఆ రోజే కలపాలి, పోసే ముందు సీసా బాగా ఊపాలి. ఇప్పుడు పెట్రోల్లో ఇథనాల్ ఉంటుంది, అది వానాకాలం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నెలల కొద్దీ నిలవ ఉంచిన మిశ్రమాన్ని నమ్మలేం.

ఇంకో అలవాటు కూడా మార్చాం. డ్రమ్ములో మందు కలిపి ట్యాంకు నింపేదాకా మిషన్‌ను ఉత్తగా నడవనిచ్చేవాడు. ఆ చిన్న రేజ్‌లో సైలెన్సర్ వేడెక్కదు, కాలని ఆయిల్ అక్కడే పేరుకుంటుంది. ఆపేసి మళ్లీ స్టార్ట్ చేసుకోమన్నాను. ఒక్క గుంజుకే అందుకునే ఇంజిన్‌కు అదేం బరువు కాదు.

ఫలితం

ఫిబ్రవరిలో, మిరప మొదటి కోతల టైములో, మిషన్ తెమ్మని నేనే ఫోన్ చేశాను. కంప్లెయింట్ ఏమీ లేదు. సైలెన్సర్ విప్పితే పోర్ట్ లోపల వేలికి అంటీ అంటనంత పొడి పొర, అంచు లోహం మెరుస్తూ కనబడుతోంది. ప్లగ్ చాక్లెట్ రంగులో ఉంది. జాలిలో కొద్దిగా మసి ఉంటే దులిపి పెట్టాం.

బావమరిది వాడే రెండో మిషన్ పాత పద్ధతిలోనే, ట్రాక్టర్ ఆయిల్‌తోనే నడిచింది. ఆ సీజన్లోనే దాని జాలి మూసుకుపోయి, వేరే చోట జాలి పీకించారు. రెండు మిషన్ల పని గంటలు ఒక్కటి కావు, కాబట్టి దీన్ని పక్కా రుజువు అనను. కానీ ఒకే ఊరు, ఒకే మోడల్, ఒకే ఎండ.

ఇప్పుడు నేను ఇలాంటి కంప్లెయింట్‌తో ఏ మిషన్ వచ్చినా కార్బరేటర్ ముట్టుకునే ముందు జాలి విప్పి వెలుతురుకు పెడుతున్నాను. ఆయిల్ ఎంత పోస్తావని అడగడం మానేసి, నా ముందే పొయ్యమంటున్నాను. సీజన్ అయిపోయాక ట్యాంకు ఖాళీ చేసి, కార్బరేటర్‌లో మిగిలింది కూడా అయిపోయి ఇంజిన్ ఆగేదాకా నడిపి, అప్పుడు అటక మీద పెట్టమంటున్నాను. మందు ఎక్కువ కొట్టేవాళ్లు సీజన్ మధ్యలో ఒకసారి, మిగతావాళ్లు చివర్లో ఒకసారి సైలెన్సర్ విప్పించుకుంటే సరిపోతుంది. రెండో మిషన్‌ను కూడా విప్పుదామని చెప్పాను, మృగశిర కార్తెకు ముందు తెస్తానన్నారు.